టీ గ్లాసున్న చేతిలో పిల్లాడు వద్దు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి పది నెలలు, సోఫా పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. మొన్న ఆదివారం మీ మామగారు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీ తాగుతుంటే గ్లాసు మీద చెయ్యేశాడు. టీ ఆయన లుంగీ మీదా సోఫా మీదా పడింది, అదృష్టం బాగుండి బాబు మీద పడలేదు. "కొంచెం చూసుకోండి మామయ్యగారూ" అంటే "మేం పిల్లల్ని పెంచలేదా" అన్నారు. ఇంట్లో ఏం మార్చాలి, ఒకవేళ కాలితే ముందు ఏం చెయ్యాలి, టీ ఫ్లాస్కులో పోసి ఉంచుకుంటే నయమా అని మీ ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్ళు ఒక ప్రభుత్వాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సుగా చేశాను. ఆ వార్డు అనగానే అందరికీ మంటలు, కిరోసిన్, గ్యాసు సిలిండరు గుర్తొస్తాయి. పెద్దవాళ్ళ మంచాల దగ్గర అది చాలావరకు నిజమే. ఐదేళ్ళలోపు పిల్లల మంచాల దగ్గరికొస్తే కథ వేరు. అక్కడ మంటతో కాలినవాళ్ళు తక్కువ. టీ, కాఫీ, పాలు, గంజి, సాంబారు, స్నానానికి కాచిన నీళ్ళు, ఇవే ఎక్కువ. అందులోనూ ఏడాది, ఏడాదిన్నర పిల్లలు. అందిందల్లా లాగడం వస్తుంది, అది వేడిదని తెలియదు. మీ వాడు సరిగ్గా ఆ వయసు గుమ్మంలో ఉన్నాడు.

"ఎలా జరిగిందమ్మా" అని అడిగితే చెప్పేది దాదాపు ఒకటే మాట. "పక్కనే ఉన్నాం సిస్టర్. అందరం ఇంట్లోనే ఉన్నాం." పిల్లాణ్ణి ఒంటరిగా వదిలేసి ఎక్కడికో పోయినప్పుడు జరిగినవి నేను చూసినవాటిలో బహు తక్కువ. అందుకే "జాగ్రత్తగా ఉండండి" అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ ఇళ్ళలో అందరూ జాగ్రత్తగానే ఉన్నారు. పిల్లాడి చెయ్యి గ్లాసు మీదికి పోయేది రెప్పపాటులో, మనం చూసి పట్టుకునేలోపే పని అయిపోతుంది. కాబట్టి చూపు మీద ఆధారపడకుండా చోటు మార్చాలి. పిల్లాడున్న చోట టీ ఉండకూడదు. పిల్లాణ్ణి ఒక చోట కదలకుండా ఉంచడం ఎవరి వల్లా కాదు కానీ, టీ గ్లాసు పాకదు కదా.

వేడి సంగతి కొంచెం చెప్పాలి. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని లోతుగా కాల్చడానికి సుమారు ఐదు సెకన్లు పడుతుంది. 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలు. మనం ఊదుకుంటూ తాగడం మొదలెట్టే టీ కూడా 60కి అటూ ఇటూగానే ఉంటుంది, అప్పుడే దించి వడగట్టింది అంతకంటే చాలా ఎక్కువ. ఇవి పెద్దవాళ్ళ లెక్కలు. పిల్లల చర్మం పల్చన, అదే టీ వాళ్ళకి ఇంకా తొందరగా, ఇంకా లోతుకి దిగుతుంది. పైగా మన చేతి మీద పడితే విదిలిస్తాం, చటుక్కున లేస్తాం. పది నెలల పిల్లాడు విదల్చలేడు, చొక్కా విప్పుకోలేడు, ఆ తడిబట్టలోనే ఏడుస్తూ కూర్చుంటాడు. గ్లాసులో పోసి పావుగంట అయిన టీ కూడా చిన్నపిల్లల్ని కాల్చగలదు. "గోరువెచ్చగా అయిపోయిందిలే" అని మన నాలుక చెప్పే మాట వాడి మెడ విషయంలో నమ్మకండి.

గ్లాసు లాగి మీద పోసుకున్న పిల్లల్ని మేం దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం. గాయం గడ్డం కింద మొదలవుతుంది. మెడ ముందు భాగం, రొమ్ము మీద వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, గరాటులాగా ఉంటుంది. జారేకొద్దీ టీ చల్లారుతుంది కాబట్టి పొట్ట దగ్గరకొచ్చేసరికి ఎరుపు మాత్రమే. కానీ రెండు చోట్ల టీ జారకుండా నిలిచిపోతుంది. ఒకటి, ఆ వయసు పిల్లలకి మెడలో ఉండే మడత. రెండోది, స్వెటరో మందపాటి బనీనో పీల్చుకున్న చోటు. గాయం లోతుగా ఉండేది అక్కడే. చలికాలంలో ఉన్ని స్వెటరు వేసుకున్న పిల్లలకి ఎక్కువ లోతుగా కాలడం చూశాను.

ఒక్క గ్లాసు ఏపాటి అంటారేమో. మీ బాబు అరచెయ్యి, వేళ్ళతో సహా, వాడి ఒంటిలో సుమారు ఒక శాతం. ఆ చెయ్యి కొలతగా పెట్టుకుని గడ్డం, మెడ, రొమ్ము, ఒక భుజం మీద ఎన్ని పడతాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పిల్లల్లో ఒళ్ళు పది శాతం కాలిందంటే సెలైను పెట్టి అడ్మిట్ చేసుకోవాల్సిన కేసు. మనకి నాలుగు గుక్కలయ్యేది వాడికి అంత.

ఇక మీ హాలు. ముందు టీపాయ్. దాని పేరుకీ టీకీ నిజానికి సంబంధం లేదు, మూడు కాళ్ళది అనే అర్థంలో హిందీ తిపాయీ నుంచి వచ్చిన మాట. కానీ ప్రతి ఇంట్లో టీ పెట్టేది దాని మీదే. ఒకటిన్నర అడుగు ఎత్తు ఉంటుంది, నిలబడిన పది నెలల పిల్లాడికి రొమ్ము దాకా వస్తుంది. వాడి కోసమే చేయించినట్టు ఉంటుంది ఆ ఎత్తు! రెండేళ్ళు దాన్ని వేరే గదిలో పడెయ్యండి. ఉంచక తప్పదంటే దాని మీది గుడ్డ తీసెయ్యండి. గ్లాసు అందకపోయినా పిల్లలు గుడ్డని లాగుతారు, గ్లాసు దాంతోపాటు వస్తుంది. డైనింగ్ టేబుల్ గుడ్డ కూడా అంతే. తర్వాత నేల. మన ఇళ్ళలో చాప మీద కూర్చుని టీ తాగుతూ గ్లాసు పక్కన నేల మీద పెట్టడం అలవాటు. పాకే పిల్లాడున్న ఇంట్లో అది మానెయ్యాలి, మినహాయింపు లేదు.

గ్లాసు గురించి కూడా. చిన్న స్టీలు గ్లాసు అడుగు సన్నం, పైన వెడల్పు, బరువు లేదు. వేలు తగిలితే బోర్లాపడుతుంది. పైగా కాలుతుందని దాన్ని అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటాం, పిల్లాడు కొంచెం తట్టినా జారిపోతుంది. అడుగు వెడల్పుగా ఉండి, పిడి ఉన్న బరువైన కప్పు కొనండి, ముప్పాతిక వరకే పొయ్యండి. ఇది రెండో రక్షణ మాత్రమే. కప్పు మార్చాం కదా అని ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని తాగడం మొదలెడితే మొదటికే మోసం.

ఇప్పుడు అసలు చిక్కు, మామగారు. ఆయన పెంచిన రోజుల్లో టీ ఎక్కడ కూర్చుని తాగేవారో, అప్పుడు పిల్లలు ఎవరి ఒళ్ళో ఉండేవారో అడిగితే సమాధానం తేలిపోతుంది. కానీ అది అడక్కండి, ఇల్లు వేడెక్కుతుంది. ఆ వయసులో మనవడు ఒళ్ళో ఉండగా టీ తాగడం ఆయనకి రోజులో ఉండే పెద్ద సుఖం. దాన్ని తప్పుగా చూపిస్తే నొచ్చుకుంటారు. నేను చాలామంది కోడళ్ళకి చెప్పింది ఒకటే: సలహా ఇవ్వకండి, ఇచ్చిపుచ్చుకోండి. టీ తీసుకెళ్ళినప్పుడు గ్లాసు ముందుకు చాపకుండా, "బాబుని ఇటివ్వండి మామయ్యగారూ, మీరు ప్రశాంతంగా తాగండి" అని ఒక చేత్తో పిల్లాణ్ణి అందుకున్నాకే... ఆగండి, ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఒక చేతిలో టీ, రెండో చేత్తో పిల్లాణ్ణి అందుకోవడం అన్నిటికంటే ప్రమాదం. టీ వంటింటి గట్టు మీదే ఉంచి, ఖాళీ చేతులతో వచ్చి పిల్లాణ్ణి తీసుకోండి. పిల్లాణ్ణి అత్తగారికో మీ ఆయనకో ఇచ్చి, అప్పుడు టీ తీసుకెళ్ళండి. వారం రోజులు ఇలా చేస్తే అది ఇంటి పద్ధతి అయిపోతుంది, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆయన కుర్చీ బాల్కనీలోనో, డైనింగ్ టేబుల్ దగ్గరో వేసి, పేపరూ టీ అక్కడికే ఇవ్వండి. ఇంకో చిట్కా, కాస్త తెలివిగా వాడాలి: "మీరుంటే నాకు ధైర్యం మామయ్యగారూ, వచ్చినవాళ్ళు వాడి దగ్గర టీ తాగకుండా మీరే చూడాలి" అని ఆ కాపలా ఆయనకే అప్పజెప్పండి. ఆ పెత్తనం చేతికొచ్చాక తాతగార్లు మనకంటే కఠినంగా ఉంటారు. ఒకాయన సొంత వియ్యంకుణ్ణే లేపి వరండాలో కూర్చోబెట్టాడట, ఆ ఇంటి కోడలే చెప్పింది నాకు. అసలు కటువుగా చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే మీరు చెప్పకండి, మీ ఆయన చేత చెప్పించండి. కొడుకు చెప్తే అది మాట, కోడలు చెప్తే అది గొడవ. న్యాయం కాదు కానీ, ముందు బాబు ఒళ్ళు దక్కాలి కదా.

మీ సంగతి కూడా అడుగుతాను, ఏమీ అనుకోకండి. బాబుకి పాలిస్తూ టీ తాగుతారా? చంకలో వేసుకుని పాలు కాస్తారా? రెండూ మానాలి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు టీ వాడు పడుకున్నాకే. చల్లారిన టీ తాగాల్సి వస్తుంది, తెలుసు. నేనూ తాగాను.

ఎక్కువ ప్రమాదం చుట్టాలొచ్చిన రోజు. ట్రేలో ఆరు గ్లాసులు, అందరూ మాటల్లో ఉంటారు, పిల్లాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంటాడు. వాడు ఎవరి బాధ్యతో ఆ పది నిమిషాలు ఎవరికీ తెలియదు. గ్లాసు వాడి తల మీదుగా అందిస్తారు. అందుకని టీలు ఇచ్చేముందు ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి "టీలయ్యేదాకా బాబు నీ దగ్గరే, పక్క గదిలోకి తీసుకెళ్ళు" అని చెప్పండి. మీ ఆడపడుచో, తోటికోడలో, ఎవరో ఒకరు. అన్నప్రాసనలూ పుట్టినరోజులూ జరిగినప్పుడు వడ్డించే సాంబారు బకెట్ల దారిలోకి పిల్లల్ని పోనివ్వకండి.

వంటింటికి గుమ్మం దగ్గర చిన్న గేటు పెట్టించండి, అంతకంటే మంచి ఖర్చు లేదు. గిన్నెల కాడలు గోడ వైపు తిప్పాలి, కెటిల్ వైరు గట్టు మీంచి వేలాడకూడదు. గంజి, రాగిజావ టీ కంటే చెడ్డవి, ఒంటికి అంటుకుని వదలవు. చక్రాల వాకరు ఇంట్లో ఉంటే తీసెయ్యండి. పిల్లాడికి కాళ్ళు రాకముందే వేగం, ఎత్తు రెండూ ఇస్తుంది అది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. హీటరు రాడ్డు పెట్టిన బకెట్ ఉన్న బాత్రూముకి బయట గడియ ఉండాలి, స్నానానికి ఎప్పుడూ చన్నీళ్ళు ముందు పోసి వేణ్ణీళ్ళు తర్వాత కలపాలి. జలుబు చేసిందని పిల్లలకి మరిగే నీళ్ళ గిన్నె ముందు పెట్టి ఆవిరి పట్టకండి. ఆ గిన్నె ఒళ్ళో పడి వచ్చిన పిల్లలకి ప్రతి చలికాలం నేను డ్రెస్సింగులు చేశాను. దాంతో జలుబు తగ్గేది కూడా ఏమీ లేదు.

ఇంత చెప్తున్నాను కదా, మా ఇంట్లో ఏం జరిగిందో కూడా వినండి. మా అమ్మాయికి పద్నాలుగు నెలలప్పుడు నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాను. మా అమ్మ టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు నేల మీద పెట్టి, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను, నిద్రపోలేదు, మూసుకున్నానంతే. పిల్ల నా మీదికి ఎక్కబోయి గ్లాసులో చెయ్యి పెట్టేసింది. కుడి ముంజేయి, మోచేతి దాకా. ఆ రాత్రంతా ఎవరి పిల్లలకో కట్లు కట్టి వచ్చిన మనిషిని నేను. మా అమ్మ పసుపు డబ్బా తీసుకుని పరిగెత్తుకొచ్చింది, నేను దాన్ని తోసేసి పిల్లని కొళాయి దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు దానికి పెళ్ళయింది. గాజులు వేసుకునే చోట, దగ్గరగా చూస్తే చర్మం కొంచెం నున్నగా మెరుస్తుంది.

కాలితే ఏం చెయ్యాలన్నారు. ముందు బట్టలు తీసెయ్యాలి, డైపరుతో సహా. వేడి టీ పీల్చుకున్న డైపరు తియ్యడం చాలామంది మర్చిపోతారు, లోపల కాలుతూనే ఉంటుంది. గాజులు, దిష్టి తాడు, మెడలో గొలుసు, మొలతాడు కాలిన చోటుకి దగ్గరగా ఉంటే తీసెయ్యండి లేదా కత్తిరించండి, కాసేపటికి వాపు వచ్చి బిగుసుకుంటాయి. చర్మానికి అతుక్కున్న బట్టని మాత్రం పీకకండి, చుట్టూ కత్తిరించి వదిలెయ్యండి.

తర్వాత కాలిన చోటు మీద కొళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పడాలి. గడియారం చూసుకుని ఇరవై. రెండు నిమిషాలు పోసి ఆపేసి ఆటో కోసం పరిగెత్తడమే అందరూ చేసేది. చర్మం లోపల వేడి దిగుతూనే ఉంటుంది, నీళ్ళు దాన్ని ఆపుతాయి, గాయం లోతు తగ్గుతుంది. వెంటనే చెయ్యలేకపోయినా మూడు గంటలలోపు ఎప్పుడు చేసినా లాభమే. మన ఊళ్ళలో ఒక తిరకాసుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళే చుర్రుమంటాయి. ముందు మీ చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే తాగే నీళ్ళ క్యాను, బిందె, కుండ నీళ్ళు చెంబుతో పోస్తూ ఉండండి. ఐసు ముక్కలు వద్దు, ఐసు నీళ్ళు వద్దు, అవి కాలిన చర్మానికి ఇంకో దెబ్బ. నీళ్ళు గాయం మీదే పడాలి, మిగతా ఒళ్ళు పొడి తువాలుతో కప్పి ఉంచండి. చంటిపిల్లలు తొందరగా చల్లబడిపోతారు. వణుకుతుంటే, పెదవులు రంగు మారుతుంటే ఆపేసి వెచ్చగా చుట్టండి.

టూత్‌పేస్టు, పసుపు, సిరా, నెయ్యి, వెన్న, కోడిగుడ్డు తెల్లసొన, దోసెపిండి, ఇవన్నీ నేను పిల్లల ఒళ్ళ మీంచి కడిగాను. చల్లగా అనిపిస్తాయి, నిజమే. కానీ వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, క్రిములు చేరతాయి, సిరా పసుపు రంగుల కింద గాయం ఎంత లోతో డాక్టరుకి కనపడదు. ఇంకా పెద్ద బాధ, అవి కడగడానికి ఏడుస్తున్న పిల్లాణ్ణి ఇద్దరం పట్టుకోవాల్సి వస్తుంది. ట్యూబు ఆయింట్‌మెంట్లు కూడా డాక్టరు చూశాకే. బొబ్బలు చిదమకండి.

చల్లార్చాక ఉతికిన మెత్తటి నూలుబట్ట వదులుగా కప్పి, జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ వాడి బరువుకి తగ్గ మోతాదులో ఇచ్చి బయల్దేరండి. ఏడాదిలోపు పిల్లాడికి ఎంత కాలినా డాక్టరుకి చూపించాల్సిందే. పెద్ద పిల్లలకైనా వాళ్ళ అరచెయ్యి కంటే పెద్దగా ఉన్నా, మొహం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మావయవాల దగ్గరున్నా, బొబ్బలెక్కినా ఆస్పత్రికే. తెల్లగా పాలిపోయి నొప్పి లేదంటే మంచిదనుకోకండి, అది లోతుగా కాలిన గుర్తు. ఎక్కువ కాలితే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపు నీళ్ళు పోస్తూనే ఉండండి. టీకాల కార్డు తీసుకెళ్ళండి, ధనుర్వాతం టీకా సంగతి అడుగుతారు.

ఇంటికి పంపేశాక కూడా ఒక వారం కళ్ళలో పెట్టుకోండి. గాయం చిన్నదే అయినా జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చినా, పిల్లాడు నీరసంగా వాలిపోతున్నా, "పళ్ళొస్తున్నాయేమో" అనుకుని ఆగకండి, ఆ రాత్రికే తీసుకెళ్ళండి. కాలిన చోట చేరిన క్రిముల విషం చిన్నపిల్లల్లో చాలా వేగంగా ఒంటికెక్కుతుంది. రెండు మూడు వారాల్లో మానిన గాయానికి మచ్చ పెద్దగా మిగలదు. అంతకంటే ఎక్కువ పడితే ఉబ్బెత్తు మచ్చలు, మెడ, మోచేతి దగ్గరైతే చర్మం పట్టేసి లాగడం ఉంటాయి. పిల్లాడు పెరుగుతాడు, మచ్చ వాడితోపాటు పెరగదు. అందుకని డాక్టరు చెప్పిన మసాజులు, మచ్చ ఉబ్బకుండా నొక్కి ఉంచే బిగుతు బట్టలు మధ్యలో మానకండి.

ఫ్లాస్కు అడిగారు. మూత గట్టిగా బిగుస్తుంది కాబట్టి బోర్లా పడినా ఒలకదు, ఆ మేరకు గిన్నె కంటే నయం. కానీ పొద్దున పోసిన టీ పదకొండింటికి కూడా అందులో పొగలు కక్కుతుంది, చల్లారి ఉంటుందనుకునే టైములో వేడిగా ఉంటుంది. పైన నొక్కితే పోసే రకం అసలు కొనకండి, ఆ మీట నొక్కడం పిల్లలకి ఆట. మర మూతది కొనుక్కుని, వంటింటి గట్టు మీద లోపలికి, గోడకి ఆనించి పెట్టండి. హాల్లోకి మాత్రం తేకండి.